పాపాఘ్నికి ఒక ఘకారం

పులివెందుల రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

ప్రొద్దుటూరు పట్టణంలో చీరల అంగడి నడుపుకొనుచున్న గుణశేఖర్, తండ్రి పేరు బాలకృష్ణయ్య, రాసుకొన్న అర్జీ.

విషయం: మా కుమార్తె చిరంజీవి పాపాఘ్ని జనన ధ్రువపత్రంలో 'గ' అను అక్షరమును తొలగించి, సదరు స్థానమున 'ఘ' అను అక్షరమును మంజూరు చేయించుట గురించి, తద్వారా నా భార్యను, బిడ్డను నా ఇంటికి తిరిగి రప్పించుట గురించి.

అయ్యా,

నేను ఇంతకు మునుపు ఏ అధికారికీ అర్జీ రాసినవాడను కాను. అర్జీ అన్న తరువాత సంగతులకు నంబర్లు వేయవలెనని తెలిసినవారు చెప్పినందున వేసి రాస్తున్నాను. మధ్యలో సంతోషం ఎక్కువై ఎక్కడన్నా దారి తప్పితే మన్నించవలెను. నాకు కూతురు పుట్టి ఇంకా ఏడాది నిండలేదు. నేను ఆ మత్తులోనే ఉన్నాను.

1. నా భార్య సుకన్య పుట్టినిల్లు వేంపల్లె. కాన్పుకని పుట్టింటికి పోయి ఉండినది. పోయిన వానాకాలంలో, డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా వ్యవధి ఉన్నదన్న ధైర్యంతో, చక్రాయపేటలో తన చిన్నమ్మ కూతురి నిశ్చితార్థానికి పోయి, తిరుగు ప్రయాణంలో షేర్ ఆటో ఎక్కినది. ఆటో పాపాఘ్ని నది మీది చప్టా దగ్గరకు వచ్చి ఆగిపోయింది. తమరికి తెలియనిది కాదు, ఏడాదిలో ఎక్కువ కాలం ఆ నదిలో ఉండేది ఇసుకే. ఆ రోజు మాత్రం ఎగువన పడిన వానకు ఎర్రటి కొత్తనీళ్లు చప్టా మీదికి ఎక్కినవి. ఆటోలోని వారందరూ దిగి, చాలా కాలానికి వచ్చిన ఏరును కండ్లనిండా చూసుకుంటూ నిలబడ్డారు. ఆ వేళలోనే నా భార్యకు నొప్పులు మొదలైనవి.

సదరు ఆటోలో జమీలా అనే ఆమె ఉండినది. ఊరూరా తిరిగి గాజులు అమ్ముకొను మనిషి. ఆమె గాజుల గంప కింద పెట్టి, డ్రైవరును అవతలికి తోలి, మిగతా ఆడవారి చేత ఆటో చుట్టూ చీరకొంగులు పట్టించి కాన్పు చేసినది. నేను ప్రత్యక్ష సాక్షిని కాను. ఆ సమయంలో నేను ప్రొద్దుటూరులో ఒక పెండ్లివారి ముందు పట్టుచీరలు పరుస్తూ ఉన్నాను. ఫోన్ మోగింది.

"ఎవురు, శెట్టేనా? మీ ఇంటికి ఏరొచ్చిందప్పా!"

"ఏ ఏరమ్మా? ఎవురు మాట్లాడేది?"

"నేను జమీలాను. గాజులమ్మే దాన్ని. ఆడబిడ్డ! తల్లీబిడ్డా శానా బాగుండారు. ఒక పక్క ఏరు పారతాంది, ఒక పక్క నీ కూతురు అరుస్తాంది. ఏరు సప్పుడు కంటే నీ కూతురు సప్పుడే ఎక్కువుండాది!"

ఆ తరువాత ఏ చీర ఎవరి చేతిలో పెట్టి పరుగెత్తానో నాకు గుర్తు లేదు. ఆ పెండ్లివారు మంచివారు. పరిచిన చీరలన్నీ మడతలు పెట్టి, అంగడి తలుపులు దగ్గరకు వేసి, పక్క అంగడి వారికి చెప్పి పోయినారు.

2. పేరును గురించి. వేంపల్లెలో బిడ్డను నా చేతికి ఇస్తూ నా భార్య అన్నది: "పేరు యాడా వెతకాల్సిన పని లేదు. దానంతటదే వచ్చింది. పాపాఘ్ని." నేను అప్పటికే తల ఊపి ఉన్నాను. ఆ నిమిషాన ఆమె 'షేర్ ఆటో' అని పేరు పెడతానన్నా తల ఊపి ఉండేవాడిని.

మా అమ్మ సుగుణమ్మ మాత్రం ఊపలేదు. బిడ్డను తొట్లలో వేసే రోజున చుట్టాలందరి ముందు ఇట్లా అన్నది:

"ఏంది ఆ పేరు? పాపం అనే మాటతో మొదలుపెడ్తారా ఎవురన్నా? పిల్సినప్పుడంతా అయ్యో పాపం అన్నట్టుంటాది."

"అది మా ఊరి ఏరు పేరత్తా," అని నా భార్య.

"మా ఊర్లో ఏరు లేదా? పెన్నేరుండాది. నేనేమన్నా నీ మొగునికి పెన్నయ్య అని పెట్టినానా?"

చుట్టాలు నవ్వినారు. నా భార్య కూడా నవ్వింది. నవ్వుతూనే బియ్యంలో తాను అనుకొన్న పేరే రాయించింది.

3. తరువాత జనన ధ్రువపత్రానికి పోయినాను. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే అక్కడివారు మంచివారు, తప్పు వారిది కాదు. అక్కడ కంప్యూటరు ముందు కూర్చొనే నవీన్ కుమార్ అను యువకుడు పేరు అడిగి, రాసుకొని, రెండు మూడుసార్లు పలికి చూసుకొని మరీ కాగితం తీసి ఇచ్చినాడు. నేను దారిలో మిఠాయి కూడా కొనుక్కొని ఇంటికి పోయినాను. అప్పటికి తల్లీబిడ్డలు ప్రొద్దుటూరుకు వచ్చి ఉన్నారు. నా భార్య కాగితం చూసి, మిఠాయి పొట్లం అవతల పెట్టింది.

"ఇది గట్టిగా చదువు."

"పాపాగ్ని."

"ఇప్పుడు నీ కూతురి పేరు చెప్పు."

"పాపాఘ్ని."

"తేడా తెల్సిందా?"

తెలియలేదని నిజం చెప్పినాను. అయ్యా, నిజం చెప్పినందుకు నాకు కలిగిన నష్టం ఈ అర్జీలో ముఖ్యాంశం.

"ఒకటి పాపాన్ని పోగొట్టేది. ఇంకోటి పాపపు నిప్పు. నా బిడ్డ నీళ్లా, నిప్పా? ఆ అక్షరం సరిగ్గా వచ్చినాక ఫోన్ చెయ్యి, వస్తాం," అని మరునాడే బిడ్డను తీసుకొని వేంపల్లె బస్సెక్కింది. పోయేటప్పుడు కోపంగా కూడా లేదు. కిటికీలోంచి బిడ్డ చెయ్యి పట్టుకొని టాటా చెప్పించింది. కోపమైతే సముదాయించేవాడిని. ఆమెది కోపం కాదు, నిర్ణయం.

4. అప్పటి నుంచి మా ఇంట్లో ఖాళీ తొట్ల ఊగుతున్నది. ఊపేది నేనే.

5. దిద్దుబాటుకు మరల పోయినాను. నవీన్ కుమార్ ఎంతో శ్రద్ధగా దిద్దినాడు. ఈసారి 'పాపాఘని' అని వచ్చింది. ఇంకొకసారి దిద్దితే 'పాపా గని' అని, మధ్యలో ఖాళీతో, రెండు మాటలై వచ్చింది. వెనుక వరుసలో నిలబడిన ఒకాయన తొంగిచూసి, "ఏం గనప్పా, బంగారు గనా?" అని అడిగినాడు. నవీన్ కుమార్‌కు చెమటలు పట్టినవి.

"తెర మీద బాగుండాది చూడన్నా. నీ కండ్లతోనే చూడు. పాపాఘ్ని. కాగితం మీదికి వచ్చేసరికి ఘ ఉంటే ఒత్తు రాదు, ఒత్తు వస్తే ఘ పోతాది."

నేను చూసినాను. తెర మీద నా కూతురు నిండుగా ఉంది. నాకు ఆ తెరనే పెకలించుకొని వేంపల్లెకు ఎత్తుకుపోవాలనిపించింది.

ఇంతలో అక్కడి పై అధికారి వచ్చి సంగతి విని ఒక సందేహం వెలిబుచ్చినారు. "ఇది ఏరు పేరు గదా. మనుషులకు పెడ్తారా? ఈ పేరుకు అర్థమేందో తెల్సినోళ్లతో రాయించుకోని రా. ఈ పేరు పెట్టుకున్న మనిషిని ఒకర్ని చూపించు. అప్పుడు నేను పైకి గట్టిగా రాస్తా." ఆయన వేళాకోళంగా అనలేదు. నేనూ వేళాకోళంగా తీసుకోలేదు.

6. అర్థం కోసం జమ్మలమడుగు పోయినాను. అక్కడ సుందరమ్మ గారని, తెలుగు పండితురాలిగా చేసి రిటైరైనవారు. క్రైస్తవులు. వారి తాతల కాలం నుంచీ మిషన్ బడుల్లో చదువు చెప్పిన కుటుంబం. ఆదివారం ప్రార్థన ముగించుకొని అప్పుడే ఇంటికి వచ్చి ఉన్నారు. నేను చెప్పిందంతా విని, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చినారు.

"ఘ్ని అంటే చంపేది, లేకుండా చేసేది. పాపాన్ని లేకుండా చేసేది. వ్యాకరణం ప్రకారం పాపఘ్ని అనాల నాయనా. మన జనం నోట్లో సాగి పాపాఘ్ని అయింది. ఏరు గదా, సాగుతాది."

"ఈ సర్టిఫికెట్టులోది తప్పే గదా మేడం?" అని పత్రం చూపించినాను.

ఆమె చూసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వినారు.

"తప్పు గాదప్పా, అదే చిక్కు! పాప, అగ్ని, రెండూ కలిస్తే పాపాగ్ని. సవర్ణదీర్ఘ సంధి. నేను అన్నేండ్లు చెప్పినా నా క్లాసులో ఎవురికీ ఇంత చక్కంగా రాలేదు. మీ కంప్యూటరును పదో తరగతి పాస్ చేయొచ్చు."

దీర్ఘం తీసేసి 'పాపఘ్ని' అని రాయించుకొంటే కంప్యూటరు దారికి వస్తుందేమోనని నాకు ఒక ఆశ పుట్టింది. అక్కడి నుంచే నా భార్యకు ఫోన్ చేసినాను. "ఏరుకుండే దీర్ఘం నా బిడ్డకూ ఉండాల," అని ఫోన్ పెట్టేసింది. సుందరమ్మ గారికి ఆ మాట వినపడింది. "ఆ పాప నాకు చదువుకునే వయసులో దొరికింటే బాగుండేది," అన్నారు. ఏ పాపో నేను అడగలేదు. తరువాత పేరు అర్థం, పుట్టుక, రాయవలసిన తీరు ఒక తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం చేసి ఇచ్చినారు. జత చేసినాను.

7. ఆ కాగితం ఇంటికి తెచ్చి మా అమ్మకు చదివి వినిపించినాను. ఇది వినిపించకుండా ఉండవలసింది.

"ఆ పేరు పిలిస్తే పాపాలు పోతాయా?"

"అర్థమైతే అదేనమ్మా."

"ముందే చెప్పి ఏడ్వరాదా? పేరంటే ఇట్టా ఉండాల!"

ఆనాటి నుంచి మా అంగట్లోకి చీర కోసం వచ్చినవారెవరూ మా అమ్మ నోట పేరు అర్థం వినకుండా బయటికి పోయింది లేదు. ఒకామె చీర మరిచిపోయి అర్థం మాత్రం తీసుకొని పోయింది. అంతటితో ఆగితే బాగుండును. పొద్దున లేస్తూనే మా అమ్మ నా మీద పడుతున్నది. "మనవరాలు ఆడ, నేను ఈడ. నా పాపాలు యాడికి పోవాల? ఫోన్లో పిలిస్తే చెల్లుతాదా, చెల్లదా?" ఈ ప్రశ్నకు జవాబు శాఖాపరంగా తమరి వద్ద ఉంటే తెలియజేయవలెను.

8. ఇక ఆ పేరుగల మనిషి. ఎక్కడని వెతకను? తెలిసినవారందరినీ అడిగినాను. అందరూ పాపమ్మలనే చూపించినారు. చివరకు జమీలా గుర్తుకు వచ్చింది. గడపగడపకూ తిరిగే మనిషి, ఆమెకు తెలియని చెయ్యి లేదు. ఫోన్ చేస్తే, "చక్రాయపేట తట్టు ఒక పల్లెలో ఒక ముసలామె ఉండాదప్పా. పాపక్క అంటారు. గాజులు తొడిగించుకుంటా ఒకసారి తన పేరేందో పొడుగ్గా చెప్పింది. నాకు నోరు తిరగలా," అన్నది. మరునాడు ఇద్దరం పోయినాము.

ఆ ఊళ్లో పాపాఘ్నమ్మ అని అడిగితే అట్లాంటి మనిషే లేదన్నారు. పాపక్క అంటే వేలు చూపించినారు. ఆమె వాకిట్లో కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తున్నది. నోట్లో పన్ను లేదు, నవ్వు మాత్రం నిండుగా ఉంది. నేను దగ్గరకు పోయి, ఎందుకైనా మంచిదని గట్టిగా, "పాపాఘ్నమ్మ గారేనా?" అన్నాను.

ఒలిచే చేతులు ఆగిపోయినవి.

"ఎవురప్పా నా పేరు పిల్చింది?"

"నేనే అవ్వా. ప్రొద్దుటూరు నుంచి వచ్చినా."

"ఇంకోసారి పిలువు."

పిలిచినాను. ఆమె కొంగుతో మొగం తుడుచుకొన్నది.

"నేను పుట్టిన దినం ఏరు రెండు గట్లూ ఒరుసుకోని పారిందంట. మా నాయన సంబరపడి పెట్టినాడు. మా నాయన ఒక్కడే నిండుగా పిల్చేటోడు. ఆయప్ప పొయినాక ఎవురికీ తీరిక లేదు. పాపీ అన్న్యారు, పాపక్కా అన్న్యారు, పాపవ్వా అన్న్యారు. ఆ పేరు నాదేనని నాకే మతికి లేకుండా పాయె."

మా బిడ్డ సంగతి చెప్పినాను. చేటలోని చెనిక్కాయలు అట్లే వదిలి లేచి నిలబడింది. "యాడుండాది? నన్ను తోడుకోని పో," అన్నది. చీర కూడా మార్చుకోలేదు. వేంపల్లెకు పోయి నా భార్య ఒడిలోని బిడ్డను చూపించినాము. ఆమె బిడ్డను ఎత్తుకొని, ముఖంలో ముఖం పెట్టి, "ఓ పాపాఘ్నీ," అని పిలిచింది. బిడ్డ ఆమె ముక్కు పట్టుకొని వదల్లేదు. జమీలా గాజుల గంప విప్పి ఇద్దరికీ గాజులు తొడిగింది. చిన్నదానికి సరిపోయే గాజులు గంపలో ఎట్లా ఉన్నవని అడిగితే, "పుట్టిన దినం నుంచీ పెట్టుకోని తిరుగుతాండా, రమ్మని పిల్చేటోళ్లు ఉండాల గదా," అన్నది.

ఆ పేరు మనుషులకు పెడతారా అని పై అధికారి గారు అడిగియుండిరి. నేను విచారించినంత మేరకు ఈ పేరుగలవారు మొత్తం ఇద్దరు. ఒకరికి పళ్లు ఇంకా రాలేదు, ఒకరికి పళ్లు లేవు.

9. పాపాఘ్నమ్మ గారిని వెంటబెట్టుకొని కార్యాలయానికి పోయినాము. బిడ్డ, నా భార్య, జమీలా కూడా వచ్చినారు. పై అధికారి ఆమె ఆధార్ కార్డు చూసి నిట్టూర్చినారు. కార్డులో 'పాపమ్మ' అని ఉన్నది.

"ఈమె పాపమ్మ గదప్పా. రుజువు యాడుండాది?"

పాపాఘ్నమ్మ గారు బల్ల మీద అరచెయ్యి వేసింది.

"నన్నడక్కుండా రాసుకున్న్యారు. ఇప్పుడడుగు నాయనా, చెప్తా. నేను ఎదురుగా నిలబడుకోనుంటే నా కంటే కారడ్డుకు ఎక్కువ తెల్సా?"

వరుసలో ఉన్నవారందరూ పనులు వదిలి చుట్టూ చేరినారు. ఒకాయన పలికి చూసి "పాపాగ్ని" అన్నాడు. "అది గాదు, లోపల నుంచి రావాల, ఘ!" అని జమీలా దిద్దింది. ఆమె నోరు ఎప్పుడు తిరిగిందో నాకు తెలియదు. కాసేపటికి ఆ గది గదంతా "ఘ్ని, ఘ్ని" అని పలకడం మొదలుపెట్టింది. పింఛను కోసం వచ్చినవారు, పాసుపుస్తకం కోసం వచ్చినవారు, అందరూ పలికినారు. బిడ్డ కేరింతలు కొట్టింది. పై అధికారి గారు కూడా మొదట పెదవుల్లో, తరువాత పైకే పలికి, తనకు సరిగ్గా వచ్చినందుకు తానే నవ్వినారు. నవీన్ కుమార్ ఆ ఊపులో ఇంకొక కాగితం తీసినాడు. అందరూ ఆ కాగితం మీదికి వంగినారు.

'పాపాగ్ని' అని వచ్చింది.

అందరూ అయ్యో అన్నారు. పాపాఘ్నమ్మ గారు మాత్రం ఆ కాగితం తిరగేసి మరగేసి చూసి, "అక్షరాలు ముద్దుగా ఉండాయిలేప్పా," అని నవీన్ కుమార్ వీపు తట్టింది. పై అధికారి గారు నన్ను పక్కకు పిలిచి, "మనిషిని నమ్మినా. మిషన్ నా మాట వినదు. పులివెందులకు అర్జీ పెట్టుకో. ఈయమ్మది కూడా కలిపి పెట్టు," అని సలహా ఇచ్చినారు. ఆ సలహా ప్రకారమే ఈ అర్జీ.

10. కావున నా ప్రార్థనలు:

(అ) చిరంజీవి పాపాఘ్ని జనన ధ్రువపత్రంలో ఘకారము, దాని కింద నకారపు ఒత్తు, రెండూ ఒకే కాగితం మీద ఒకే సమయంలో ఉండునట్లు ఉత్తర్వులు దయచేయవలెను.

(ఆ) పాపాఘ్నమ్మ గారి కార్డులో ఆమె నాయన పెట్టిన పేరును నిండుగా చేర్పించవలెను.

(ఇ) ఈ విషయంలో నవీన్ కుమార్‌పై ఎట్టి చర్యా తీసుకొనరాదు. అతడు ఇప్పుడు నిద్రలో కూడా ఘకారం రాస్తున్నాడని వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి చెప్పినది.

నాకు భూమి తగాదా లేదు, రేషన్ తగాదా లేదు. ఒక్క అక్షరం ఇప్పిస్తే చాలు. ఆ అక్షరం వెంట ఒక ఇల్లాలు, ఒక బిడ్డ బస్సు దిగి వస్తారు. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఒక సంసారాన్ని నిలబెట్టే అవకాశం తమరికి మరల దొరకదని నా నమ్మకం. ఈ మొరను దయతో ఆలకించి, ఒకసారి పైకి పలికి చూసుకొని, చిత్తగించవలెను.

ఘకారమునకై ఎదురుచూచు
తమ విధేయుడు,
బా. గుణశేఖర్

తా.క.: అయ్యా, సంతకం చేస్తూ ఉండగా నా భార్య ఫోన్ చేసింది. అంగట్లో నిలబడి రాస్తున్నాను, రాత వంకరగా ఉంటే క్షమించవలెను.

"యాడుండావు?"

"అంగట్లో. అర్జీ అయిపోయింది."

"మేం బస్సులో ఉండాం. ఎర్రగుంట్ల దాటినాం."

"అక్షరం ఇంకా రాలేదే?"

"అవ్వ ఇంటికొచ్చి తిట్టింది. అవ్వ కూడా వస్తాంది. అత్తమ్మను చూడాలంట."

వెనుక నుంచి పాపాఘ్నమ్మ గారు ఫోన్ లాక్కొన్నది. "ఏమప్పా, నా పేరు నిండుగా పిలవలేదని నేను మా ఇంటాయన్ను ఇడ్సిపెట్టింటే, నాకు బిడ్డలుండేటోళ్లా? నీ పెండ్లానికి అదే చెప్పినా. బస్టాండుకు రా, బిడ్డ బరువుండాది."

తరువాత నా భార్య మళ్లా మాట్లాడింది. గొంతు తగ్గించింది.

"అర్జీలో ఇంకో మాట రాయి. రెండూ ఒకేసారి కుదరదంటే, ముందు అవ్వది దిద్దమను. పాపకు ఇంకా శానా కాలముండాది."

కావున పదవ అంశంలోని (అ), (ఆ) లను తారుమారు చేసి చదువుకోవలెను. అంగడి మూస్తున్నాను. మా అమ్మ అప్పుడే చెప్పులు వేసుకొని వీధిలో నిలబడింది.